గొంతు కావాలి, మనిషి వద్దా?

ఏప్రిల్ మన నెల. 11న ఫూలే, 14న బాబాసాహెబ్. పల్లెల్లో విగ్రహాలకు రంగులు పడతాయి, పందిళ్లు లేస్తాయి, మైకులు మోగుతాయి. జయంతి కమిటీ పిల్లలు మా దగ్గరకొచ్చి మొదట అడిగేది "ఉపన్యాసం ఎవరిది సార్?" అని కాదు. "పాట ఎవరిది సార్?" అని. అందులో తప్పేం లేదు. పాట లేని సభకు జనం రారు. రాత్రి పదిదాకా కూర్చోబెట్టేది పాటే. మరునాడు పొలం కాడ నోట్లో ఆడేదీ పాటే. ఉపన్యాసం ఇచ్చేవాళ్లం మేమే గనక ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది. అయినా నిజం నిజమే.

అందుకే ఈ సంచికలో పాట గురించి మాట్లాడదలిచాం. మన పాట గురించి కాదు. సముద్రాల అవతల, అమెరికాలో, నల్లవాళ్లు పాడిన పాట గురించి.

"మన గొడవలు మనకు చాలవా, అమెరికా సంగతి ఎందుకు?" అని కొందరు అడుగుతారు. ఇది మేం కొత్తగా కలిపిన చుట్టరికం కాదు. 1873లో ఫూలే 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసత్వాన్ని తీసేయడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. నల్లవాళ్ల పేట హార్లెం ఆ యూనివర్సిటీకి పక్కనే. 1946లో నల్లవాళ్ల నాయకుడు, పండితుడు డుబాయిస్‌కు బాబాసాహెబ్ ఉత్తరం రాశాడు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకున్న అర్జీ కాపీ పంపమని అడిగాడు. మన అంటరానితనానికీ వాళ్ల స్థితికీ ఉన్న పోలికను అందులో ఎత్తి చూపాడు. డుబాయిస్ జవాబు కూడా రాశాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్స్‌ను చూసే. కాబట్టి ఇది పరాయి కథ కాదు. దూరాన ఉన్న మన చుట్టాల కథ.

1939 ఏప్రిల్‌తో మొదలుపెడదాం.

మరియన్ ఆండర్సన్ అని ఒక గాయని. 1897లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. తండ్రి ఐసు, బొగ్గు అమ్మేవాడు. ఆమె చిన్నతనంలోనే చనిపోయాడు. తల్లి పరుల ఇళ్లల్లో పాచిపని చేసి, బట్టలుతికి పిల్లల్ని సాకింది. ఆ పిల్ల గొంతు విని చర్చిలో జనం చిల్లర చందాలు వేసి సంగీతం చెప్పించారు. ఊళ్లో సంగీతం బడికి పోయి చేర్చుకోమంటే, నల్లపిల్లవని గుమ్మంలోంచే పంపేశారు. ఆమె యూరప్ వెళ్లింది. అక్కడి పెద్ద పెద్ద విద్వాంసులు ఆమె గొంతు విని నివ్వెరపోయారు. పేరు మోసి స్వదేశం తిరిగొచ్చింది. వచ్చాక ఏమైంది? టిక్కెట్లు అమ్ముడుపోయే హాలుంది గానీ, పడుకోవడానికి హోటల్ గది లేదు. 1937లో ప్రిన్స్‌టన్ ఊళ్లో కచేరీకి పోతే హోటల్ వాళ్లు గది ఇవ్వలేదు. ఆ రాత్రి ఆమెకు తన ఇంట్లో చోటిచ్చింది ఎవరనుకుంటున్నారు? సైంటిస్టు ఐన్‌స్టీన్. హిట్లర్ తరిమిన యూదుడు గదా, తరిమివేత అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1939లో నల్లవాళ్ల యూనివర్సిటీ హోవర్డ్ వాళ్లు రాజధాని వాషింగ్టన్‌లో ఆమె కచేరీ పెట్టాలనుకున్నారు. పెద్ద హాలు ఒకటే, కాన్‌స్టిట్యూషన్ హాల్. పేరు చూడండి, రాజ్యాంగ భవనం! దాని సొంతదారులు 'అమెరికా విప్లవ పుత్రికలు' అనే సంఘం. ఒకప్పుడు స్వాతంత్ర్యం కోసం పోరాడిన వాళ్ల వంశంలో పుట్టామని చెప్పుకునే తెల్ల ఆడవాళ్ల సంఘం అది. ఆ స్టేజి మీద నల్లవాళ్లు పాడటానికి వీల్లేదన్నారు. తెల్లపిల్లల హైస్కూలు ఆడిటోరియం ఇమ్మని అడిగితే స్కూలు బోర్డు అడ్డం పడింది. రాజ్యాంగం పేరు పెట్టుకున్న హాలు మూసుకుంది. చదువు చెప్పే బడీ మూసుకుంది.

ఇక్కడ మన కార్యకర్తలు జాగ్రత్తగా చదవాలి. ఈ కథ చెప్పేవాళ్లంతా అప్పటి ప్రెసిడెంటు భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేసిన సంగతి గొప్పగా చెబుతారు. చేసింది, నిజమే. అది మంచిపనే. కానీ అంతకుముందే నల్లవాళ్లు కమిటీ వేసుకున్నారు. దానికి ముందు నిలబడింది నల్ల లాయరు చార్లెస్ హూస్టన్. సంతకాలు సేకరించారు. స్కూలు బోర్డు ఆఫీసు ముందు బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. పేపర్లకెక్కించారు. ఆ ఒత్తిడి ఉంటేనే పెద్దింటి వాళ్లు కదిలారు, మంత్రి ఒకాయన లింకన్ స్మారకం మెట్లు ఇప్పించాడు. పైనుంచి దయ దానంతటది ఊడిపడదు. కింద నుంచి తోస్తేనే పైన కదులుతుంది.

1939 ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం. హాల్లోనైతే నాలుగు వేల మంది కూడా పట్టరు. మెట్ల ముందు 75 వేల మంది నిలబడ్డారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి, ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడ్డారు. దేశమంతా రేడియోలో విన్నది. ఇదే లింకన్ స్మారకాన్ని 1922లో ప్రారంభించినప్పుడు, పిలుపులందుకుని వచ్చిన నల్లపెద్దల్ని విడిగా, వెనకపక్క కూర్చోబెట్టారు. బానిసత్వం తీసేసిన మనిషి విగ్రహం ముందే ఆ పని చేశారు. పదిహేడేళ్ల తర్వాత ఒక పాచిపని చేసే తల్లి కూతురు ఆ విగ్రహం ముందే నిలబడి పాడింది. మొదట దేశభక్తి గీతమే పాడింది. అందులో ఒక చోట 'నేను పాడుతున్నా' అని ఉంటే, ఆమె 'మేము పాడుతున్నాం' అని మార్చింది. ఒక్క మాటే మార్చింది. ఆ ఒక్క మాట గురించి చివర్లో మళ్లీ మాట్లాడదాం.

ఇక రెండో సంగతి. సరిగ్గా పదకొండు రోజుల తర్వాత, 1939 ఏప్రిల్ 20న, న్యూయార్క్‌లో ఇంకో నల్ల గాయని ఒక పాట రికార్డు చేసింది. పేరు బిల్లీ హాలిడే, వయసు 24. పాట పేరు 'స్ట్రేంజ్ ఫ్రూట్', అంటే వింత పండు. చెట్టుకు వేలాడుతున్న పండు గురించి పాట. ఆ పండు ఏమిటంటే, తెల్లమూక ఉరేసి చంపిన నల్లమనిషి శవం.

ఆ పాట రాసిందెవరో తెలుసా? ఒక బడిపంతులు. ఏబెల్ మీరోపోల్ అనే యూదుడు, న్యూయార్క్‌లో హైస్కూలు టీచరు. 1930 ఆగస్టు 7న ఇండియానా రాష్ట్రం మేరియన్ పట్టణంలో థామస్ షిప్, ఏబ్రం స్మిత్ అనే ఇద్దరు నల్లకుర్రాళ్లను జైల్లోంచి ఈడ్చుకొచ్చి చెట్టుకు ఉరేశారు. ఫోటో తీశారు. కింద ఆడామగా నిలబడి, తిరునాళ్లకొచ్చినట్టు కెమెరా వైపు చూస్తున్నారు. ఆ ఫోటో కాపీలు వేలల్లో అమ్మారు. మొహాలు అంత స్పష్టంగా కనబడుతున్నా ఒక్కరికీ శిక్ష పడలేదు. ఈ టీచరును కదిలించిన ఫోటో అదేనంటారు. ఆయన ఒక పద్యం రాసి 1937లో టీచర్ల యూనియన్ పత్రికలో అచ్చేయించాడు. మన పత్రికలాంటి పత్రికే అనుకోండి. పెద్దపేరున్న పత్రిక కాదు. తర్వాత తనే బాణీ కట్టాడు. ఆ పాట చివరికి బిల్లీ హాలిడే నోటికి చేరింది. పంతులుగారిని ఊరికే వదిలారా? కమ్యూనిస్టు పార్టీ డబ్బిచ్చి రాయించిందా అని ప్రభుత్వ కమిటీ పిలిచి ప్రశ్నించింది. సాటి పంతుళ్లం గనక మేం ఇది చదివి కాసేపు తలెత్తుకుని కూర్చున్నాం. నల్లబల్ల మీద రాసే చేయి ఇంత పని చేయగలదు గదా అనిపించింది.

బిల్లీ ఆ పాట పాడిన చోటు కెఫే సొసైటీ. నల్లా తెల్లా కలిసి కూర్చోగలిగిన క్లబ్బు. ఆ పాటను చివరన పాడేది. పాడేముందు వెయిటర్లు సర్వీసు ఆపేసేవారు. లైట్లు ఆర్పి ఆమె మొహం మీద ఒక్క లైటే ఉంచేవారు. పాట అయ్యాక ఆమె మళ్లీ స్టేజి మీదకు వచ్చేది కాదు. చప్పట్ల కోసం పాడే పాట కాదది. ఆమెతో ఒప్పందమున్న కొలంబియా కంపెనీ ఆ పాట రికార్డు చేయనంది. కమడోర్ అనే చిన్న కంపెనీ ముందుకొచ్చింది. అంతకు ఏడాది ముందే, 1938లో, ఆమె తెల్లవాళ్ల బ్యాండుతో కలిసి న్యూయార్క్‌లో ఒక హోటల్లో పాడింది. కస్టమర్లు ఎక్కే లిఫ్టు ఎక్కొద్దు, సామాన్ల లిఫ్టు ఎక్కమన్నారు. ఆ హోటల్ పేరు లింకన్!

1947లో మత్తుమందు కేసులో ఆమెను జైల్లో వేశారు. బయటికొచ్చాక న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే లైసెన్సు పీకేశారు. 1959లో ఆస్పత్రి మంచం మీద ఉండగానే మళ్లీ అరెస్టు చేసి, గదికి పోలీసు కాపలా పెట్టారు. జులై 17న ఆ ఆస్పత్రిలోనే పోయింది. ఆమెకు వ్యసనం ఉంది, దాచాల్సిన పని లేదు. కానీ ఉరితీసిన మూకలో ఒక్కడికీ చేయి తగలని చట్టం, ఆ ఉరి గురించి పాడినామె మంచం దగ్గర కాపలా కాసింది. ఇది మాత్రం గుర్తుంచుకోవాలి.

1882 నుంచి 1968 దాకా టస్కెగీ సంస్థ లెక్కకట్టిన మూక హత్యలు 4,743. అందులో నల్లవాళ్లు 3,446 మంది. దీనిమీద జాతీయ చట్టం చేయాలని దాదాపు రెండువందల సార్లు ప్రయత్నించారు. చట్టం వచ్చింది ఎప్పుడు? 2022 మార్చిలో. ఆ పాట రికార్డయిన 83 ఏళ్లకు. పాట చట్టం చేయలేదు. కానీ ఎనభై ఏళ్లపాటు చట్టం లేదనే సంగతిని మరిచిపోనివ్వలేదు.

మూడో సంగతి చెప్పేముందు మేం ఒక తప్పు ఒప్పుకోవాలి.

బెస్సీ స్మిత్ అని బ్లూస్ పాటల రాణి. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే, అన్న గిటారు వాయిస్తుంటే వీధుల్లో పాడి చిల్లర సంపాదించింది. 1923లో మొదటి రికార్డు లక్షల్లో అమ్ముడైంది. కంపెనీ ఆమెకిచ్చింది ఏమిటి? పాటకింత అని ఒకసారి కూలి. అమ్మకాల్లో వాటా లేదు. పంట ఎంత పండినా పాలేరుకు ఏడాది జీతమే అన్నట్టు. ఆ కంపెనీలు నల్లవాళ్ల రికార్డులకు 'రేస్ రికార్డులు' అని విడిగా పేరు పెట్టి, విడిగా కేటలాగు వేసి అమ్మేవి. హోటళ్లలో గది దొరకదు గనక బెస్సీ తన బృందం కోసం సొంతంగా ఒక రైలుపెట్టె కొనుక్కుంది.

1937 సెప్టెంబర్ 26న మిసిసిపీలో కారు ప్రమాదంలో ఆమె చనిపోయింది. తెల్లవాళ్ల ఆస్పత్రికి తీసుకుపోతే చేర్చుకోలేదనీ, అందుకే నెత్తురు కారి చనిపోయిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మేం కూడా సభల్లో ఆ కథ చెప్పాం. గొంతు పెంచి చెప్పాం. జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తర్వాత చదివితే తెలిసింది, అది నిజం కాదని. ఆమెను తెల్లవాళ్ల ఆస్పత్రికి తీసుకుపోనేలేదు. అంబులెన్సు నేరుగా నల్లవాళ్ల ఆస్పత్రికే పోయింది. అక్కడే చనిపోయింది. ప్రమాదం చోట ఆమెను చూసిన డాక్టరే తర్వాత ఈ సంగతి చెప్పాడు.

మిత్రులారా, నిజం తెలిసినంత మాత్రాన వాళ్ల తప్పు తగ్గిందా? ఆలోచించండి. ఆ రాష్ట్రంలో నల్లమనిషిని తెల్ల ఆస్పత్రికి తీసుకుపోదామనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. కాదనేవాడి అవసరమే లేకుండా పోయింది. గుమ్మం దగ్గర ఆపడం ఒక అన్యాయం. ఆ గుమ్మం దాకా పోవాలనే ఊహే రానివ్వకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. అబద్ధం చెప్పి మేం చిన్న అన్యాయాన్ని చూపించాం, పెద్దదాన్ని దాచేశాం. పైగా అవతలివాడు ఆ ఒక్క అబద్ధం పట్టుకుంటే, మనం చెప్పే వంద నిజాలూ అబద్ధాలేనంటాడు. మన బాధకు అతకులు అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. ఇకపై సభల్లో ఈ కథ చెప్పేవాళ్లు సరిచేసుకోవాలని కోరుతున్నాం.

లక్షల రికార్డులు అమ్మిన బెస్సీ సమాధి మీద 1970 దాకా రాయి లేదు. చివరికి రాయి వేయించడానికి డబ్బు పెట్టింది ఇద్దరు. ఒకరు తెల్ల గాయని జానిస్ జోప్లిన్. రెండో మనిషి వానిటా గ్రీన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన నల్లపిల్ల. కంపెనీకి గుర్తురాలేదు, పనిపిల్లకు గుర్తుంది.

నాలుగోది కొంచెం చేదు సంగతి. నాట్ కింగ్ కోల్ అని మెత్తని గొంతుతో ప్రేమపాటలు పాడే గాయకుడు. తెల్లవాళ్ల ఇళ్లల్లో కూడా ఆయన రికార్డులు మోగేవి. 1948లో లాస్ ఏంజెలెస్‌లో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొంటే ఇరుగుపొరుగు గోల చేశారు. రేడియోలో గొంతు ఇంట్లోకి రావచ్చు, మనిషి పక్కింట్లోకి రాకూడదు. అయినా ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకునే మనిషి కాదు. దక్షిణాదిలో తెల్లవాళ్లకొక ఆట, నల్లవాళ్లకొక ఆట అంటే సరేనని పాడేవాడు. 1956 ఏప్రిల్ 10న అలబామాలో బర్మింగ్‌హామ్‌లో తెల్లవాళ్ల కోసం పాడుతుంటే, తెల్లదురహంకారులు స్టేజి ఎక్కి ఆయనను కిందపడేసి కొట్టారు. ఆయన పుట్టింది అదే రాష్ట్రంలో, మాంట్‌గోమరీలో. ఆ రోజుల్లోనే మాంట్‌గోమరీలో నల్లవాళ్లు బస్సులెక్కకుండా నెలల తరబడి నడిచి పనులకు పోతున్నారు.

నల్లవాళ్ల పత్రికలు ఆయనను ఓదార్చడంతో ఆగలేదు. మన వాళ్లను రానివ్వని హాల్లో నువ్వెందుకు పాడావని నిలదీశాయి. హార్లెంలో కొన్ని చోట్ల ఆయన రికార్డులు తీసేశారు. ఆయన నొచ్చుకున్నాడు. కానీ ఆ తర్వాత నల్లవాళ్ల హక్కుల సంఘంలో జీవిత సభ్యత్వం తీసుకున్నాడు. అణిగి ఉంటే వదిలేస్తారనుకున్నాడు, వదల్లేదు. ఆ సంగతి దెబ్బ తిన్నాక తెలిసింది. అదే మరియన్ ఆండర్సన్ ఏం చేసిందో చూడండి. వేరు కూర్చోబెట్టే హాళ్లలో మొదట, ముందు వరస నుంచి చివరి వరస దాకా ప్రతిచోటా నల్లవాళ్లకూ సీట్లుండాలని షరతు పెట్టింది. తర్వాత, విడిగా కూర్చోబెట్టే చోట అసలు పాడనంది. ఒకప్పుడు కాదన్న కాన్‌స్టిట్యూషన్ హాల్‌లోనే 1943లో, కలిసి కూర్చున్న జనం ముందు పాడింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా ఆమెకు తలుపు తీసింది మాత్రం 1955లో. అప్పటికి ఆమెకు 57 ఏళ్లు నిండాయి. గొంతు మంచి వయసులో ఉన్న రోజులన్నీ ఆ తలుపు బయటే గడిచాయి. గౌరవం ఇచ్చాం గదా అంటారు. ఎప్పుడిచ్చారని మనం అడగాలి.

1963 ఆగస్టు 28న అదే లింకన్ స్మారకం దగ్గరకు రెండున్నర లక్షల మంది నడిచొచ్చారు. మరియన్ ఆండర్సన్ ఆ రోజు కూడా పాడింది. చర్చి పాటల గాయని మహలియా జాక్సన్ పాడింది. మార్టిన్ లూథర్ కింగ్ కాగితం చూసి ప్రసంగిస్తుంటే, ఆ కల గురించి చెప్పమని వెనక నుంచి కేకేసిందీ ఆమే. కింగ్ కాగితం పక్కన పెట్టాడు. లోకమంతా ఈనాటికీ తలుచుకునే మాటలు ఆ తర్వాతే వచ్చాయి. పాట ఉపన్యాసానికి ముందు జనాన్ని పోగేసేదే కాదు, ఉపన్యాసానికి దారి కూడా చూపిస్తుంది. మాలాంటి ఉపన్యాసకులు ఇది రాసిపెట్టుకోవాలి.

ఇక మన సంగతి. ఎక్కువ చెప్పనక్కర్లేదు. డప్పు లేనిదే జాతర కదలదు, డప్పు కొట్టినవాడు గుడి మెట్టు ఎక్కకూడదు. ఈ మాట మీకు మేం నేర్పాలా?

జయంతి కమిటీలకు మా మనవి మూడు ముక్కలు. పాటగాడిని, డప్పు దళాన్ని పిలిచినప్పుడు అన్నం, పడక, దారిఖర్చు, కూలి ముందే మాట్లాడి సక్రమంగా ఇవ్వండి. తెల్లకంపెనీ బెస్సీకి చేసినది మనం మన వాళ్లకు చేయకూడదు. రెండు, మన వాళ్లను విడిగా కూర్చోబెట్టే పందిట్లో, విడి గ్లాసు పెట్టే చోట, ఎంత డబ్బిచ్చినా పాడకండి. ఒక్కరే కాదంటే పొగరంటారు, దళాలన్నీ కలిసి కాదంటే దారికొస్తారు. మూడు, మన వాడలో పాత పాట తెలిసిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. బడికి పోయే పిల్లలు పోయి రాసుకోండి, పాడినామె పేరుతో సహా రాసుకోండి. పాట ఊరంతా తిరిగి, మనిషి పేరు మట్టిలో కలిసిపోకూడదు.

ఆ రోజు మెట్ల మీద మరియన్ ఆండర్సన్ 'నేను' తీసి 'మేము' పెట్టింది. హాలు కాదన్నది ఒక్క గాయనిని. జవాబు చెప్పింది 75 వేల మంది. మన ఊళ్లో అవమానం ఎప్పుడూ ఒక్కరికే జరుగుతుంది, ఒక్కరినే ఒంటరిగా పట్టుకుంటారు. దానికి జవాబు మాత్రం ఒక్కరే చెప్పాల్సిన పని లేదు.

జై భీమ్.